ఎలుకలో అరగంటకు, మనిషిలో నెలకు: కుంగుబాటు మందులు మెదడులో చేసే పని

పర్లాకిమిడి నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. ముప్పై ఏళ్లు దాటిన ఆమె తమ్ముడు కొన్ని నెలలుగా కుంగుబాటుతో బాధపడుతున్నాడు. బరంపురంలో మానసిక వైద్యుడు ఎసిటాలోప్రామ్ రాసిచ్చి, గుణం తెలియడానికి మూడు నాలుగు వారాలు పట్టవచ్చని చెప్పారు. ఈలోగా ఫార్మసీ చదువుతున్న మేనకోడలు, ఇలాంటి మందులను ఎలుకలను నీళ్లలో వదిలి పరీక్షిస్తారనీ, మందు ఎక్కించిన అరగంటకే ఎలుక ప్రవర్తన మారిపోతుందనీ చెప్పిందట. అందుకని ఆమె మూడు సంగతులు అడిగారు. ఎలుకకు మనిషి దిగులు వంటిది ఉంటుందా? ఎలుకలో అరగంటకే పనిచేసే మందు తమ్ముడికి నెల ఎందుకు తీసుకుంటుంది? అసలు ఆ మందు మెదడును ఏం చేస్తుంది?

నేను గంజాం జిల్లాలో ఫార్మకాలజీ పాఠాలు చెబుతూ, విద్యార్థుల చేత ఎలుకల ప్రవర్తన పరీక్షలు చేయిస్తూ ఉద్యోగకాలం గడిపినవాణ్ణి. మానసిక వైద్యుణ్ణి కాను కనుక మీ తమ్ముడి చికిత్స విషయంలో ఆయన వైద్యుడి మాటే ప్రమాణం. అమ్మా, మీరు అడిగిన మూడింటిలో రెండోది అసలైన ప్రశ్న. ఈ రంగంలో పనిచేసేవాళ్లను దశాబ్దాలుగా వేధిస్తున్నది అదే, మిగిలిన రెండింటికీ జవాబు దాని కడుపులోనే ఉంది.

ఈ మందులను ముందుగా ఎలుకల్లో కనిపెట్టి ఆ తర్వాత మనుషులకు ఇచ్చారని చాలామంది అనుకుంటారు. జరిగింది తలకిందులుగా. 1950ల మొదట్లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఐప్రోనియజిడ్ అనే కొత్త మందు ఇచ్చినప్పుడు, ఊపిరితిత్తుల సంగతి ఎలా ఉన్నా, మంచం దిగని రోగులు హుషారుగా తిరగడం మొదలుపెట్టారు. 1957లో స్విట్జర్లాండ్ వైద్యుడు రోలాండ్ కూన్, స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బుకు పనికొస్తుందేమోనని తన చేతికి వచ్చిన ఇమిప్రమిన్ ఆ జబ్బుకు పనికిరాకపోయినా కుంగుబాటులో ఉన్నవారికి మేలు చేస్తోందని ప్రకటించాడు. రెండూ మనుషుల్లో కంటపడినవే. ఎందుకు పనిచేస్తున్నాయో తెలుసుకోవడానికీ, వాటిలాంటివి మరికొన్ని వెతకడానికీ ఆ తర్వాత జంతువుల దగ్గరికి వెళ్లారు. తెలిసిన మందుకు తగినట్టు పరీక్షను కుట్టుకున్నారన్న మాట. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే తర్వాత వచ్చే చిక్కులు సగం అర్థమవుతాయి.

ఆ కథలో మన తూర్పు కనుమల అడవుల్లో కూడా దొరికే సర్పగంధకు పెద్ద పాత్ర ఉంది. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఈ వేరు పిచ్చినీ రక్తపోటునూ తగ్గిస్తుందని రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం వకీల్ రక్తపోటు రోగులపై దాని ఫలితాలను బ్రిటన్ పత్రికలో ప్రచురించాక ప్రపంచం దృష్టి ఇటు మళ్లింది. 1952లో దాని నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. ఆ రిసర్పిన్ ఇచ్చిన జంతువు మూలన ముడుచుకుని, కనురెప్పలు వాలిపోయి, కదలక కూర్చుంటుంది. దాని మెదడును పరిశీలిస్తే నాడీకణాల మధ్య సందేశాలు మోసే సెరటోనిన్, నార్ అడ్రినలిన్ వంటి పదార్థాలు అడుగంటి ఉంటాయి. ముందుగా ఇమిప్రమిన్ ఇచ్చి ఉంచితే ఆ రెప్పలు వాలవు. ఇక్కడి నుంచే, ఈ రసాయనాలు తగ్గితే కుంగుబాటు వస్తుందనీ, మందులు ఆ లోటు పూడుస్తాయనీ ఒక సిద్ధాంతం పుట్టింది. 1965లో అమెరికా వైద్యుడు షిల్డ్‌క్రాట్ రాసిన వ్యాసంతో అది స్థిరపడింది. చెప్పడానికి సులువుగా ఉండే మాట కనుక ఆసుపత్రి గోడల మీది బొమ్మలదాకా పాకింది.

మీ మేనకోడలు చెప్పిన ఈత పరీక్షను ఫ్రాన్స్‌లో పోర్సోల్ట్ బృందం 1977లో ప్రవేశపెట్టింది. దగ్గరగా చూస్తే అది ఇలా ఉంటుంది. ఎక్కి బయటపడడానికి వీలులేని గుండ్రటి గాజు పాత్రలో ఇరవై మూడు నుంచి ఇరవై అయిదు డిగ్రీల నీళ్లు పోసి, చిట్టెలుకను ఆరు నిమిషాలు వదులుతారు. మొదట అది గోడ వెంట గిరగిరా ఈదుతుంది, ముందుకాళ్లతో గాజును గీరుతుంది, ఒక్కోసారి మునిగి అడుగు వెతుకుతుంది. రెండో నిమిషం దాటాక నెమ్మదిస్తుంది. ముందుకాళ్లు రొమ్ముకు ఆనించి, ఒంటిని కాస్త వంచి, ముక్కు మాత్రం నీటిపైన ఉండేలా వెనుకకాలు ఒకటి అప్పుడప్పుడూ ఆడిస్తూ తేలుతుంది. చివరి నాలుగు నిమిషాల్లో అలా తేలుతూ గడిపిన సెకన్లెన్నో లెక్కిస్తాం. ఏ ఎలుకకు మందు ఎక్కించారో, దేనికి ఉప్పునీరు ఎక్కించారో లెక్కించేవారికి తెలియకూడదు. పరీక్ష అయ్యాక ఎలుకను తుడిచి, ఆరబెట్టి, వెచ్చగా ఉంచి గూటికి చేరుస్తారు. ఇందులో ఎలుకను చావనివ్వడం ఉండదు. ఇలాంటి ప్రతి ప్రయోగానికీ సంస్థలోని జంతు నైతిక సంఘం ముందుగా అనుమతి ఇవ్వాలి.

ఆ సెకన్ల అంకె ఎంత సున్నితమైనదో బయటివాళ్లకు తెలియదు. నీటి వేడి మారితే అది మారుతుంది. మే నెలలో బరంపురంలో మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లతో ఈ పరీక్ష పెట్టడానికి వీల్లేదు. ఐసుగడ్డలు వేసి, థర్మామీటరు పెట్టి, ప్రతి ఎలుకకూ నీళ్లు మార్చుకుంటూ చేయవలసిందే. ఎలుక జాతి మారినా అంకె మారుతుంది. కాఫీలోని కెఫీన్, ఆంఫెటమిన్ వంటి ఉత్తేజకాలు ఇచ్చినా ఎలుక ఎక్కువసేపు ఈదుతుంది, అంతమాత్రాన అవి కుంగుబాటు మందులు కావు. అందుకే పక్కనే ఒక ఖాళీ పెట్టెలో ఎలుకను వదిలి, మందు వల్ల దాని మామూలు నడకే పెరిగిందా అని విడిగా చూసుకుంటాం. ఆ రెండో పరీక్ష లేకుండా ఈత అంకె ఒక్కటే చూపించే వ్యాసాన్ని నేను పక్కన పెట్టేస్తాను.

అయితే ఈ పరీక్షను పూర్తిగా తీసిపారేయలేం. 1995లో అమెరికాలో లూకీ బృందం, ఎలుక తేలని సమయంలో ఏం చేస్తోందో కూడా లెక్కించింది. సెరటోనిన్ మీద పనిచేసే ఫ్లూఆక్సెటిన్ వర్గపు మందులు ఇస్తే ఎలుక అడ్డంగా ఈదడం పెరిగింది. నార్ అడ్రినలిన్ మీద పనిచేసే డెసిప్రమిన్ ఇస్తే గోడ ఎక్కే ప్రయత్నం పెరిగింది. ముందుగా ఎలుక మెదడులో సెరటోనిన్ తయారీని ఆపేసి, ఆ తర్వాత ఫ్లూఆక్సెటిన్ ఇస్తే ఈత పెరగనే లేదు. అంటే ఈ మార్పు నిజంగానే సెరటోనిన్ గుండా వస్తోంది. నాడీకణం విడిచిన సెరటోనిన్‌ను తిరిగి లోపలికి లాక్కునే ద్వారాన్ని ఎసిటాలోప్రామ్ వర్గపు మందులు మూసేస్తాయి. మందు మెదడు చేరీ చేరగానే అది జరుగుతుంది. చిట్టెలుకకు పొట్టలోకి సూది వేసి అరగంట ఆగి నీళ్లలో వదిలితే కనబడేది దాని ఫలితమే. తాళంచెవి తాళంలో దూరి తిరిగిందని ఈ పరీక్ష నమ్మకంగా చెబుతుంది. తలుపు తెరిచాక ఇంట్లో ఏం జరిగిందో చెప్పదు.

ఇక ఆ తేలడం నిస్పృహేనా అన్నది మీ మొదటి ప్రశ్న. పోర్సోల్ట్ దానికి ఆ పేరే పెట్టాడు. నా అభిప్రాయం వేరు, ఈమధ్య చాలామందిదీ వేరే. బయటపడే దారి లేదని తెలిశాక ఒంట్లో సత్తువ మిగుల్చుకుని తేలడం ఎలుకకు తెలివైన పని; రెండోసారి అదే నీళ్లలో వదిలితే ముందుకంటే త్వరగా తేలుతుందంటే అది నేర్చుకున్నదనే అర్థం. 2015లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ఇదే వాదనను వివరంగా రాశారు. పైగా ఆ ఎలుక అంతకుముందు జబ్బుపడినది కాదు, గూట్లో సుఖంగా ఉన్న ఆరోగ్యవంతమైన ఎలుక. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఎసిటాలోప్రామ్ ఒక మాత్ర ఇస్తే ఉల్లాసం పుట్టదు. కనుక ఈత పరీక్షలో జబ్బూ లేదు, జబ్బు నయం కావడమూ లేదు. ఉన్నదల్లా మందు చేరిందన్న ఆనవాలు.

ఈ సందర్భంలో కుక్కల ప్రయోగం సంగతి చెప్పకుండా ఉండలేను. 1967లో సెలిగ్‌మన్, మైయర్ అనే ఇద్దరు యువ పరిశోధకులు, తప్పించుకోలేని కరెంటు షాకులు తిన్న కుక్కలు తర్వాత తప్పించుకునే దారి ఉన్నా ప్రయత్నించడం లేదని చూపించి, అవి నిస్సహాయతను నేర్చుకున్నాయని అన్నారు. మనస్తత్వ శాస్త్రం పాఠ్యపుస్తకాలన్నిటా ఆ మాట ఉంది. ఆ ఇద్దరే 2016లో, మధ్యకాలంలో ఎలుకల మెదడులో జరిగిన పరిశోధనలను సమీక్షించుకుని, తాము అనుకున్నది వెనకాముందయిందని రాశారు. దీర్ఘమైన బాధకు కదలకుండా ఉండిపోవడం మెదడు సహజంగా ఇచ్చే స్పందన, దాన్ని నడిపేది మెదడు కాండంలోని సెరటోనిన్ కణాల గుంపు. జంతువు కొత్తగా నేర్చుకునేది, పరిస్థితి తన అదుపులో ఉందన్న సంగతి. అలా నేర్చుకున్నప్పుడు నుదుటి వెనుక ఉన్న మెదడు భాగం ఆ గుంపును అణుస్తుంది. సెరటోనిన్ తక్కువైతే కుంగుబాటు అనే సులువైన మాట ఇక్కడ ఎంత ఇరుకున పడుతుందో గమనించండి. ఈ ప్రయోగంలో నిస్సహాయంగా పడి ఉన్న జంతువులో ఆ సెరటోనిన్ కణాలు విపరీతంగా పనిచేస్తున్నాయి.

ఇక నెల రోజుల ప్రయోగాలకు వద్దాం. నాకు వీటి మీదే గురి.

1987లో లండన్‌లో విల్నర్ బృందం రూపొందించిన పద్ధతిలో ఎలుకకు పెద్ద బాధ పెట్టరు. ఒకరోజు గూడును వంచి పెడతారు, ఒకరోజు పరుపు పొట్టు తడుపుతారు, ఒక రాత్రి దీపం ఆర్పరు, ఇంకోరోజు తెలియని ఎలుకతో కలిపి ఉంచుతారు. ఏది ఎప్పుడు వస్తుందో ఎలుకకు తెలియకూడదు. చిన్న చిన్న చికాకులు వారాల తరబడి సాగాక, గూటికి రెండు సీసాలు తగిలిస్తారు, ఒకదానిలో మంచినీళ్లు, మరొకదానిలో పలుచని చక్కెర నీళ్లు. మామూలు ఎలుక చక్కెర నీళ్లను ఎగబడి తాగుతుంది. చికాకుల్లో ఉన్న ఎలుకకు ఆ తీపి మీద ఇష్టం తగ్గిపోతుంది. ఇమిప్రమిన్ వంటి మందు ఒకసారి ఇస్తే ఏమీ జరగదు. రోజూ ఇస్తూ పోతే రెండు నుంచి నాలుగు వారాల మధ్య ఆ ఇష్టం మెల్లగా తిరిగి వస్తుంది. మీ తమ్ముడి వైద్యుడు చెప్పిన గడువుతో దీన్ని పోల్చి చూడండి.

ఈ పరీక్ష చేయడం మాత్రం కష్టం. ఎలుకకు ఒక పక్క అలవాటు ఉంటుంది కనుక సీసాలను కుడి ఎడమలు మార్చుతూ ఉండాలి. సీసా మూతి నుంచి కారిన చుక్కలను కూడా ఎలుక తాగినట్టే తూకం చూపిస్తుంది కనుక ఖాళీ గూటికి ఒక సీసా తగిలించి ఆ కారుడు తీసివేయాలి. మా ఊళ్లో ఇంకొక ఇబ్బంది ఉంది. రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర వచ్చినప్పుడు రాత్రుళ్లు డప్పుల మోత జంతువుల గది గోడలదాకా వస్తుంది. మనం ఏ చికాకూ పెట్టని ఎలుకలు కూడా ఆ వారాల్లో చక్కెర నీళ్లు తగ్గించేస్తాయి. యాత్ర నెలలో ఈ ప్రయోగం మొదలుపెట్టవద్దని నేను విద్యార్థులకు ముందే చెప్పేవాణ్ణి. ఈ పద్ధతి కొన్ని ప్రయోగశాలల్లో చక్కగా పనిచేసి కొన్నింటిలో అసలు పనిచేయకపోవడానికి ఇలాంటి చిన్న కారణాలే ఎక్కువ.

2006లో అమెరికాలో నెస్లర్ బృందం వాడిన పద్ధతి మరింత మొరటుది. చిట్టెలుకను రోజూ కొద్ది నిమిషాలు తనకంటే పెద్దదైన, కలహశీలమైన మరో జాతి ఎలుక గూట్లో వదులుతారు. తన్నులు తిన్నాక మధ్యలో చిల్లుల అడ్డుగోడ పెట్టి, మిగతా రోజంతా దాని వాసన తగిలేలా పక్కనే ఉంచుతారు. పది రోజులకు వాటిలో చాలా ఎలుకలు తోటి ఎలుక కనిపిస్తే చాలు మూలకు పారిపోతాయి, వారాలు గడిచినా ఆ తీరు పోదు. ఫ్లూఆక్సెటిన్ ఒక్కసారి ఇస్తే ఫలితం సున్న. నాలుగు వారాలు ఇస్తే అవి మళ్లీ తోటి ఎలుకను సమీపిస్తాయి. అన్నే దెబ్బలు తిన్నా కొన్ని ఎలుకలు మొదటి నుంచీ జంకవు. అవి ఎందుకు తట్టుకున్నాయన్నది ఇప్పుడు దానికదే ఒక పెద్ద పరిశోధన అయింది.

ఈ వారాల్లో మెదడులో జరిగేది ఒకటి కాదు. మొదటిది అందరికంటే ముందుగా తేలిన సంగతి. సెరటోనిన్ కణాల మీద, తాము విడిచిన సెరటోనిన్ ఎక్కువైతే గుర్తించి కణాన్ని నెమ్మదింపజేసే గ్రాహకాలు ఉన్నాయి. మందు మొదటి మోతాదుతో సెరటోనిన్ పెరగగానే ఇవి కళ్లెం బిగిస్తాయి, కణాల వేగం పడిపోతుంది. ఎలుకల్లో మందు రెండు మూడు వారాలు సాగాక ఆ గ్రాహకాలు మొద్దుబారి, కణాలు పూర్వపు వేగానికి వస్తాయి. 1980లలో మాంట్రియల్ శాస్త్రవేత్తలు ఎలుక మెదడులో సన్నని ఎలక్ట్రోడ్లు దించి దీన్ని కొలిచారు. ఆలస్యానికి ఇది ఒక కారణమే గాని మొత్తం కారణం కాదు.

రెండోది కణాల ఆకృతికి సంబంధించినది. దీర్ఘకాల ఒత్తిడిలో ఎలుక మెదడులో జ్ఞాపకాలకు కేంద్రమైన హిప్పోక్యాంపస్‌లోని నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోతాయని న్యూయార్క్‌లో మెక్‌యువెన్ బృందం చూపించింది. 2002లో బెంగళూరు జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో సుమంత్ర చటర్జీ బృందం, రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు కదలనివ్వకుండా ఉంచిన ఎలుకల్లో, హిప్పోక్యాంపస్ కొమ్మలు తగ్గుతుండగానే భయానికి కేంద్రమైన అమిగ్డలాలో కొమ్మలు పెరిగాయని కనుగొంది. ఆ తర్వాత ఇరవై ఒక్క రోజులు విశ్రాంతి ఇచ్చినా అమిగ్డలాలోని పెరుగుదల తగ్గలేదు. ఒత్తిడి పోయినా భయం ఎందుకు పోదని అడిగేవారికి నేను మొదట ఈ ప్రయోగాన్నే చూపిస్తాను. మన దేశంలో, మామూలు సూక్ష్మదర్శిని కింద, కణాల కొమ్మలను ఓపికగా గీసి లెక్కపెట్టి సాధించిన ఫలితం అది.

మూడోది కణాలకు ఎరువు వంటి బీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్. 1995లో యేల్ విశ్వవిద్యాలయంలో, వారాల తరబడి కుంగుబాటు మందులు ఇచ్చిన ఎలుకల హిప్పోక్యాంపస్‌లో ఇది పెరిగిందని చూశారు. అయితే మెదడులో అన్నిచోట్లా ఇది మేలే చేయదు. నేను పైన చెప్పిన తన్నులు తిన్న ఎలుకల ప్రయోగంలో, సుఖానుభవానికి సంబంధించిన మరో దారిలో ఇదే ప్రోటీన్ ఆ భయాన్ని నిలబెడుతోందని తేలింది. మెదడంతటికీ కలిపి ఒక రసాయనం మంచిది, ఒకటి చెడ్డది అని చెప్పే వ్యాసం కనబడితే జాగ్రత్తగా చదవండి.

నాలుగోది కొత్త కణాల పుట్టుక. పెద్దయ్యాక కూడా ఎలుక హిప్పోక్యాంపస్‌లో ఒక మూల కొత్త నాడీకణాలు పుడతాయి, ఈ మందులు ఆ పుట్టుకను పెంచుతాయి. 2003లో కొలంబియా విశ్వవిద్యాలయం బృందం ఆకలిగొన్న చిట్టెలుకను వెలుగు నిండిన కొత్త పెట్టెలో వదిలి, మధ్యలో పెట్టిన తిండిని అందుకోవడానికి అది ఎంతసేపు జంకుతుందో కొలిచింది. ఫ్లూఆక్సెటిన్ కొద్ది రోజులు ఇస్తే ఆ జంకు తగ్గలేదు, నాలుగు వారాలు ఇస్తే తగ్గింది. ఎక్స్‌రే కిరణాలతో హిప్పోక్యాంపస్‌లో కొత్త కణాలు పుట్టకుండా చేస్తే మాత్రం నాలుగు వారాల మందు కూడా పనిచేయలేదు. పుట్టిన కణం ఎదిగి తోటి కణాలతో అనుసంధానం కావడానికి వారాలు పడుతుంది కనుక ఆ ఆలస్యం సరిగ్గా సరిపోయింది. తర్వాతి పరిశోధనల్లో, కొత్త కణాల అవసరం లేని ప్రభావాలు కూడా ఈ మందులకు ఉన్నాయని బయటపడింది.

ఇవన్నీ కలిపి చూస్తే నాకు తోచేది ఇది: ఈ మందు లోటు పూడ్చడం లేదు, మెదడు మళ్లీ మారగలిగేలా చేస్తోంది. దీనికి నేను చూసిన అన్నిటికంటే గట్టి సాక్ష్యం కుంగుబాటుకు ఏ సంబంధమూ లేని ప్రయోగంలో ఉంది. పసితనంలో ఒక కన్ను మూసి ఉంచడం వల్ల ఆ కంటి చూపు మందగించిన ఎలుకలు పెద్దయ్యాక, వాటికి తాగే నీళ్లలో ఫ్లూఆక్సెటిన్ కలిపి ఇచ్చి, మంచి కన్ను మూసి చెడ్డ కంటితో చూడనిస్తే, ఆ కంటి చూపు తిరిగి వచ్చింది. 2008లో ఇటలీ, ఫిన్‌లాండ్ శాస్త్రవేత్తలు కలిసి చేసిన పని అది. మామూలుగా ఆ వయసులో అలాంటి మార్పు సాధ్యం కాదు. 2011లో అదే ఫిన్‌లాండ్ బృందం భయం మీద మరో ప్రయోగం చేసింది. ఒక శబ్దానికి భయపడడం నేర్పిన ఎలుకలకు, ఆ శబ్దాన్ని ఏ హానీ లేకుండా పదేపదే వినిపించి భయం మాన్పడానికి ప్రయత్నించారు. ఆ అభ్యాసం ఒక్కటే ఇస్తే భయం కొంత తగ్గి మళ్లీ వచ్చింది; మందు ఒక్కటే ఇస్తే పోలేదు; రెండూ కలిపి ఇస్తే నిలకడగా పోయింది. ఈ మందులు బీడీఎన్‌ఎఫ్ గ్రాహకానికే నేరుగా అతుక్కుంటాయని 2021లో వారు ప్రకటించారు గాని, దాని మీద వాదం ఇంకా నడుస్తోంది.

మార్పు ఎటువైపు అన్నది చుట్టూ ఉన్న పరిస్థితి నిర్ణయిస్తుంది. రోమ్‌లో చేసిన ప్రయోగాల్లో, ఫ్లూఆక్సెటిన్ తీసుకుంటూ ఆటవస్తువులూ తోడూ ఉన్న గూట్లో ఉన్న ఎలుకలు బాగుపడ్డాయి. అదే మందు తీసుకుంటూ ఒత్తిడిలోనే ఉన్నవి బాగుపడలేదు సరికదా, కొన్ని లక్షణాలు ముదిరాయి. వయసు కూడా లెక్కకు వస్తుంది. పుట్టిన మొదటి వారాల్లో ఫ్లూఆక్సెటిన్ ఇచ్చిన ఎలుకలు పెద్దయ్యాక మరింత జంకుగా తయారవుతాయి. ముంబై పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్‌లో విదితా వైద్య బృందం కూడా ఈ దిశలో ఎంతో పని చేసింది.

ఎలుక చెప్పలేని వాటి సంగతి కూడా చెప్పాలి. అపరాధ భావన, పనికిరానివాణ్ణన్న ఆలోచన, చనిపోవాలన్న తలపు, ఇవేవీ ఎలుకలో కొలవలేం. ఎన్నో ఏళ్లు మగ ఎలుకల్లోనే ప్రయోగాలు చేశారు, కుంగుబాటు మనుషుల్లో ఆడవారికే ఎక్కువ వస్తున్నా. జంతువుల్లో ఆశ పుట్టించి మనుషుల్లో చతికిలబడ్డ మందులకు కొదవ లేదు. ఇప్పుడు కీమోథెరపీ వాంతులకు వాడే అప్రెపిటాంట్ ఒకప్పుడు కుంగుబాటుకు గొప్ప మందు అవుతుందని అనుకున్నదే. పెద్ద పరీక్షల్లో అది మందు లేని ఉత్తుత్తి చక్కెర గోలీ కంటే మెరుగని తేలలేదు. ఒత్తిడి హార్మోను వ్యవస్థను అడ్డుకునే మందుల గతీ అంతే అయింది. మరోవైపు కెటమిన్ అనే మత్తుమందు కుంగుబాటు మీద గంటల్లోనే పనిచేస్తుందని 2000లో మనుషుల్లో తెలిసింది. 2010లో యేల్ బృందం అది ఒక్కరోజులోనే ఎలుక మెదడు ముందు భాగంలో కణానికీ కణానికీ మధ్య కొత్త నాడీసంధులను మొలిపిస్తుందని చూపించింది. వారాల ఆలస్యం జబ్బు లక్షణం కాదు, మనం ఎంచుకున్న దారి లక్షణం అని దానివల్ల తెలిసింది.

ఇప్పుడు మీ తమ్ముడి సంగతి. ఆయన మెదడులో సెరటోనిన్ తక్కువగా ఉందని ఎవరైనా చెబితే, అలాంటి లోటుకు నిలకడైన సాక్ష్యం లేదని 2022లో లండన్ పరిశోధకుల సమీక్ష తేల్చిన మాట నిజం. దాన్ని పట్టుకుని మందు పనిచేయదని అనుకోవడం మాత్రం పొరపాటు. తలనొప్పి పారాసిటమాల్ లోటు వల్ల రాదు, అయినా ఆ మాత్రతో తగ్గుతుంది.

మందు ఆయనలో మొదటి మాత్రతోనే పని మొదలుపెట్టింది. ఎలుకలో అరగంటకు కనిపించేది ఆయనలోనూ కనిపిస్తుంది, కాకపోతే వేరే రూపంలో. ఒంట్లోని సెరటోనిన్‌లో అధిక భాగం పేగుల్లోనే ఉంటుంది కనుక మొదటి వారంలో వికారం, విరేచనాలు, నిద్ర చెదరడం, ఒక రకమైన కంగారు రావచ్చు. ఇవన్నీ వేగంగా జరిగే పని తాలూకువి. మేలు మాత్రం నెమ్మదిగా జరిగే పని తాలూకుది. చెడు ముందు వచ్చి మంచి వెనుక రావడం వల్లనే చాలామంది రెండో వారంలో మాత్రలు మానేస్తారు, సరిగ్గా మానకూడని సమయంలో. నెలల తరబడి వాడాక ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం ఉంటుంది కనుక మానాలన్నా వైద్యుడు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మొదటి వారాల్లో కంగారు బాగా పెరిగినా, చచ్చిపోవాలన్న మాట నోట వచ్చినా గడువు తేదీదాకా ఆగకుండా వెంటనే వైద్యుణ్ణి కలవండి. ముఖ్యంగా ఇరవై అయిదేళ్లలోపు వారి విషయంలో ఈ హెచ్చరికను అమెరికా మందుల నియంత్రణ సంస్థ మందు సమాచార పత్రంలో గడి కట్టి మరీ రాయించింది. మీ తమ్ముడు ఆ వయసు దాటినా గమనిస్తూ ఉండడంలో నష్టం లేదు. రాత్రివేళ అయితే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు, అక్కడ భాష ఎంచుకునే వీలుంది.

ఈ వారాలు ఊరికే వేచి ఉండే వారాలు కావు. మందు మెదడును మార్పుకు సిద్ధం చేస్తున్నప్పుడు ఆయన గదిలో తలుపేసుకుని ఉంటే ఆ మార్పు గది దాటి రాదు. వైద్యుడు కౌన్సెలింగ్ సూచించి ఉంటే వాయిదా వేయవద్దు. పొద్దున్నే ఎవరో ఒకరు ఆయనతో కలిసి నడవడం, వేళకు భోజనం, ఇంట్లో ఉద్యోగం మాటా పెళ్లి మాటా కొన్నాళ్లు ఎత్తకుండా ఉండడం, ఇవి మందుతో పాటు నడవవలసినవే. రోజూ నిద్ర ఎన్ని గంటలు, తిండి ఎలా ఉంది, తనంతట తాను ఏ పనైనా మొదలుపెట్టాడా అన్న మూడు సంగతులు ఒక పుస్తకంలో రాసి ఉంచండి. చాలామందిలో నిద్రా ఆకలీ ముందు కుదుటపడతాయి, మనసు ఆ తర్వాత తేలికపడుతుంది. అది రోగికంటే ఇంట్లోవాళ్లకే ముందు కనబడుతుంది. నాలుగు వారాలు క్రమంగా వాడాక కూడా ఆ పుస్తకంలో ఏ మార్పూ కనబడకపోతే, దాన్ని తీసుకుని బరంపురం వెళ్లండి. మోతాదు పెంచాలో, మందు మార్చాలో మీ వైద్యుడు దాన్ని చూసి నిర్ణయిస్తారు.